కుడి నొక్కు: ల్యాప్‌టాప్ సూచికాసాధనాల చరిత్ర – తెలుగు పరిభాషకు ఎదురైన ఒక చిక్కు

కడప జిల్లాలో పెన్నా జలాశయం ఉన్న మైలవరం, దాని చుట్టుపక్కల జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాలు తెలుగు రాత చరిత్రలో తొలి పుటకు చెందినవి. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో లభించిన రేనాటి చోళుల శాసనం సా.శ. 575 ప్రాంతానిదని చరిత్రకారులు నిర్ణయించారు. రాతిమీద ఉలితో మొదలైన ఆ రాత తాటాకుమీద గంటంగా, కాగితంమీద కలంగా, అచ్చుగా మారిన క్రమంపై పరిశోధనలు విస్తారంగానే వచ్చాయి. ఇదే నేలమీద 2008లో జరిగిన మరొక మార్పు మాత్రం లిపి చరిత్రకారుల దృష్టికి అంతగా రాలేదు. ఆ ఏడు వేంపల్లె మండలం ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ప్రారంభమైంది. నూజివీడు, బాసర ప్రాంగణాలూ అప్పుడే మొదలయ్యాయి. జనం వాడుకలో ఇవి ట్రిపుల్ ఐటీలు. పదో తరగతి మార్కుల ఆధారంగా గ్రామీణ విద్యార్థులను ఎంపిక చేసి ఆరేళ్ల సమీకృత విద్యను అందించడం వీటి ఉద్దేశం. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన ఆచార్య రాజ్‌రెడ్డి ఈ విశ్వవిద్యాలయానికి తొలి కులపతి. ఇక్కడ విద్యార్థికి పాఠం చేరవలసిన ప్రధాన సాధనం ల్యాప్‌టాప్. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇవ్వాలన్నది తొలి ప్రణాళికలోనే ఉంది.

ఈ ఘట్టంలో ఒక చిన్న విషయం గమనించదగినది. పదిహేనేళ్ల పల్లె విద్యార్థి చేతికి వచ్చిన ఈ కొత్త రాతపరికరానికి మౌస్ ఉండదు. దాని స్థానంలో మీటల కింద వేలితో రుద్దే చిన్న పలక ఉంటుంది. కంప్యూటర్ పాఠాలన్నీ మాత్రం మౌస్‌ను దృష్టిలో పెట్టుకొని రాసినవే. ఆ పాఠాల్లో తరచుగా కనిపించే ఆదేశం ‘రైట్ క్లిక్ చేయండి’. ఆ మాటలోని ‘రైట్’ దేనికి కుడి? ఎవరికి కుడి? తెరమీది బాణపు గుర్తును కదిలించే పరికరాలను ఈ వ్యాసంలో సూచికాసాధనాలు అని వ్యవహరించడమైంది. వాటి చరిత్రలోకి వెళితే తప్ప ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

కుడి బటన్ పుట్టుక

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించిన తొలి మౌస్‌ను బిల్ ఇంగ్లిష్ 1964లో తయారుచేశాడు. అది ఒక చెక్కపెట్టె. దానికి ఒకే బటన్ ఉండేది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రసిద్ధ ప్రదర్శన నాటికి బటన్లు మూడయ్యాయి. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రూపొందిన ఆల్టో కంప్యూటర్‌కు కూడా మూడు బటన్ల మౌసే ఉంది. దానిమీద నడిచిన స్మాల్‌టాక్ వ్యవస్థలో ఈ బటన్లకు ఎరుపు, పసుపు, నీలం అని పేర్లు పెట్టారు. ఎరుపు ఎంచుకోవడానికి, పసుపు ఎంచుకున్న పాఠంపై చేయదగిన పనుల పట్టికను తెరవడానికి, నీలం కిటికీకి సంబంధించిన పనులకు. నేటి రైట్ క్లిక్‌కు పూర్వరూపం ఈ పసుపు బటనే. గమనించవలసింది ఏమంటే ఆ పేరులో కుడి ఎడమల ప్రసక్తి లేదు. చేతిని బట్టి కాక చేసే పనిని బట్టి బటన్లను గుర్తించిన పద్ధతి అది.

ఆ పద్ధతి నిలవలేదు. 1981 నాటి జిరాక్స్ స్టార్ రెండు బటన్లకు దిగింది. కొత్తవారు ఏ బటన్ నొక్కాలో తెలియక తడబడతారన్న వాదనతో లారీ టెస్లర్ ఒకే బటన్ చాలునన్నాడు. ఆపిల్ సంస్థ 1983లో లీసాకూ, 1984లో మెకింటాష్‌కూ దాన్నే ఖాయం చేసింది. మైక్రోసాఫ్ట్ 1983లో రెండు బటన్ల మౌస్‌ను విడుదల చేసింది. అయితే ఆ రెండో బటన్‌కు స్థిరమైన పని దొరకడానికి పన్నెండేళ్లు పట్టింది. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95లో తెరమీద ఏ వస్తువు మీద కుడి బటన్ నొక్కినా దానికి సంబంధించిన పనుల పట్టిక తెరుచుకునే ఏర్పాటు వచ్చింది. తెలుగునాట డీటీపీ కేంద్రాలు, కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు వీధివీధినా వెలసిన కాలమూ దాదాపు ఇదే. ‘రైట్ క్లిక్ కొట్టు’ అన్న వాడుక తెలుగు నోట స్థిరపడింది కూడా ఈ పరంపరలోనే.

కుడి బటన్ రెండోది కావడానికి కారణం యంత్రంలో లేదు, చేతిలో ఉంది. మౌస్‌ను కుడిచేత్తో పట్టుకుంటే చూపుడువేలు ఎడమ బటన్‌పై పడుతుంది. ఎక్కువ పని చేసే వేలు అదే కాబట్టి ఎడమ బటన్ ప్రధానమైంది, మధ్యవేలి కింది బటన్ అప్రధానమైంది. ఎడమచేతివాటం వాడు మౌస్‌ను ఎడమవైపు పెట్టుకొని అమరికల్లో బటన్లను తారుమారు చేసుకుంటే అతని రైట్ క్లిక్ ఎడమ బటన్ మీదికి వస్తుంది. అప్పుడు పుస్తకంలోని ‘కుడి’ అతనికి అక్షరాలా తప్పు. పుర్రచేయి అని పిలిచి, పలక పట్టిన నాటినుంచే పిల్లలను కుడిచేతికి మళ్లించిన సమాజంలో ఈ చిక్కు పెద్దగా పైకి రాకపోవడంలో వింత లేదు. నిజానికి పాత లేఖకవృత్తి కుడిచేతి వృత్తి మాత్రమే కాదు. తాటాకును పట్టుకొన్న ఎడమచేతి బొటనవేలు గంటానికి ఆనుగా నిలిచి దాన్ని నడిపేది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాతికాలంలో పండితులనూ లేఖకులనూ నియమించి ప్రతులు రాయించిన సంగతి సుప్రసిద్ధం. ఆ తాళపత్ర ప్రతుల వెనుక ఉన్నది రెండు చేతుల పనితనం.

ఒడిలోకి వచ్చిన యంత్రం

మౌస్‌కు బల్ల కావాలి. ల్యాప్‌టాప్ పేరులోనే ఒడి ఉంది. ఈ వైరుధ్యంలోంచే మూడు పరిష్కారాలు పుట్టాయి. మొదటిది బంతి. తెరమీది గుర్తును బంతితో నడిపే ఆలోచన మౌస్‌కంటే పాతది. కెనడా నౌకాదళం కోసం 1952 ప్రాంతంలో తయారైన ఒక వ్యవస్థలో బౌలింగ్ ఆట బంతినే వాడారు. 1991లో వచ్చిన ఆపిల్ పవర్‌బుక్‌లు మీటల పలకను వెనక్కి జరిపి, ముందు అరచేతులు ఆనే చోటు వదిలి, దాని మధ్యలో బంతిని అమర్చాయి. ఈనాటి ల్యాప్‌టాప్‌లన్నింటి ఆకృతికి మూలం ఇదే.

రెండోది పుల్ల. మీటలమీద ఉన్న చేయి మౌస్‌వైపు వెళ్లి తిరిగి రావడానికి పట్టే వ్యవధిని ఆదా చేయాలన్న తలంపుతో టెడ్ సెల్కర్ ఐబీఎం సంస్థలో రూపొందించిన ఎర్రని చిన్న మొలక 1992 నాటి థింక్‌ప్యాడ్‌లో జి, హెచ్, బి మీటల నడుమ వెలిసింది. దీని బటన్లు స్పేస్‌బార్ కింద, రెండు బొటనవేళ్లకూ అందుబాటులో ఉంటాయి. అలవాటు పడినవారు దీన్ని ఎంతగా అంటిపెట్టుకున్నారంటే, 2013లో టీ440 నమూనాలో ఆ బటన్లను పలకలో కలిపేసిన లెనోవో సంస్థ, వాడుకరుల నిరసన తర్వాత 2015 నమూనాల్లో వాటిని తిరిగి తీసుకొచ్చింది.

మూడోది స్పర్శపలక, అంటే టచ్‌ప్యాడ్. జార్జ్ గెర్ఫైడ్ 1980ల చివర రూపొందించిన పద్ధతి దీనికి ఒక ప్రధాన పునాది. 1994లో పవర్‌బుక్ 500 శ్రేణితో ఇది బహుళ ప్రచారంలోకి వచ్చింది. పలక కింద సన్నని విద్యుద్వాహక గీతల వల ఉంటుంది. విద్యుత్తును ప్రసరింపజేసే వేలు దగ్గరికి రాగానే అక్కడి విద్యుద్ధారితలో కలిగే మార్పును బట్టి స్థానాన్ని లెక్కిస్తారు. కనుకనే చెమట పట్టిన వేలికి బాణం గెంతులేస్తుంది. రాయలసీమ వేసవి దీనికి అనుకూలం కాదు. అయినా అరిగే భాగాలు లేకపోవడం, దుమ్ము చొరబడకపోవడం, పలుచగా ఉండటం వల్ల మిగిలిన రెంటినీ ఇది దాదాపు తొలగించింది. ఇది వాడుకరుల ఇష్టం కంటే తయారీదారుల సౌలభ్యానికి దక్కిన గెలుపు. గురిచూసి ఎంచుకోవడంలో మౌస్ వేగాన్ని 1978లోనే కార్డ్, ఇంగ్లిష్, బర్ కొలిచి చూపారు. ల్యాప్‌టాప్ కొన్నవారు విడిగా మౌస్ కొని తగిలించుకోవడం నేటికీ మామూలే. డీటీపీ చేసేవారిలోనైతే అది తప్పనిసరి అనదగినంత అలవాటు.

2008 ప్రాంతపు సాధారణ ల్యాప్‌టాప్‌లలో స్పర్శపలక కింద రెండు విడి బటన్లు ఉండేవి. ‘కుడి’ అన్న మాటకు అక్కడింకా ఆధారం ఉంది. ఆ ఏడాది అక్టోబరులోనే ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లో పలకనంతటినీ ఒకే బటన్‌గా మార్చింది. కొన్నేళ్లలో ఇతరులూ అదే దారి పట్టారు. ఇప్పుడు పనుల పట్టిక కావాలంటే పలక కుడివైపు దిగువ మూలలో నొక్కాలి, లేదా రెండు వేళ్లను ఒక్కసారి తట్టాలి. రెండు వేళ్ల తట్టుకు కుడి ఎడమలు లేవు. ఆపిల్ తన అమరికల్లో దీన్ని రెండో నొక్కు అన్న అర్థం వచ్చే మాటతోనే సూచిస్తుంది. మిగిలిన లోకం మాత్రం రైట్ క్లిక్ అనే అంటోంది.

తెలుగు పాఠంమీద బాణం

తెలుగు రాసేవారికి సూచికాసాధనంతో మరొక పేచీ ఉంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో యూనికోడ్ లెక్కన ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకార గుర్తు. బాణపు మొనను తవత్తు మీద సరిగ్గా నిలిపి నొక్కినా, చాలా అనువర్తనాల్లో కర్సర్ అక్షరానికి ముందో వెనుకో నిలుస్తుంది తప్ప లోపలికి పోదు. వెనుకనుంచి బ్యాక్‌స్పేస్ నొక్కితే సాధారణంగా ఒక్కొక్క సంకేతమే చెరుగుతుంది. అంటే తాటాకుమీద గంటానికి అందిన ఒత్తు మౌస్‌కు అందదు. సంయుక్తాక్షరాన్ని ఎక్కడ విడదీయవచ్చన్న దానిపై అనువర్తనాలు ఒక్కొక్కటీ ఒక్కో దారిన నడిచాయి. తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులను విడదీయరాని ఒకే ఘటకంగా లెక్కించే నియమం 2023లో యూనికోడ్ 15.1తో గాని రాలేదు. ప్రూఫులు దిద్దేవారిలో అనేకులు బాణంకంటే మీటలనే నమ్ముకోవడం ఈ దృష్టితో చూస్తే సహేతుకం.

రైట్ క్లిక్ విలువ తెలిసేదీ ఇక్కడే. ఎర్రగీత పడిన మాటమీద ఆ బటన్ నొక్కితే ప్రత్యామ్నాయ రూపాలు కనిపిస్తాయి. లిబ్రెఆఫీస్ వంటి వాటికి తెలుగు పదకోశమూ ఉంది. సంధులతో, విభక్తులతో పెరిగే తెలుగు పదాలకు ఆ సూచనలు చాలాసార్లు పేలవంగా ఉంటాయన్నది వేరే చర్చ. రెండో నొక్కు తెలియని విద్యార్థికి ఆ ఎర్రగీత కేవలం మందలింపుగానే మిగులుతుంది. దిద్దుకునే దారి కనబడదు.

మాటలో మిగిలిన చేయి

తెలుగు స్థానికీకరణలో దీనికి ‘కుడి నొక్కు’ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. అచ్చతెలుగు సమాసంగా ఇందులో దోషం లేదు. దోషం అనువదించిన అంశంలో ఉంది. ఆంగ్లపదంలో ఉన్న రెండు సంగతుల్లో చేతి స్థానం తెలుగులోకి వచ్చింది, జరిగే పని రాలేదు.

దీనికి ఒక సమాధానం చెప్పవచ్చు. పాత పరికరాల ఆనవాళ్లు మాటల్లో మిగలడం భాషకు సహజమే. పరిశోధన పత్రం అంటున్నాం. అందులో ఏ ఆకూ లేదు. అంతర్జాల పత్రికలోనూ పుటలున్నాయి. అలాగే రైట్ క్లిక్ కూడా మిగిలిపోతే నష్టమేమిటి? నష్టం ఉంది. ‘పత్రం’ నామం మాత్రమే; దాన్ని చదివినవారెవరూ ఆకుకోసం వెతకరు. ‘కుడి నొక్కు’ ఆదేశం. చదివినవాడు దాన్ని ఆచరించాలి, తన ముందున్న యంత్రంలో కుడివైపు ఉన్నదేదో వెతకాలి. బటన్లే లేని పలకముందు, లేదా బటన్లు మార్చుకున్న ఎడమచేతివాటం విద్యార్థి ముందు ఆ ఆదేశం విఫలమవుతుంది. దానికి నిందపడేది మాటమీద కాదు, విద్యార్థి తెలివిమీద.

నేడు కళాశాలకు వచ్చే విద్యార్థికి మొదట పరిచయమైన యంత్రం ఫోను. వేలిని నొక్కిపట్టి ఉంచితే పనుల పట్టిక వస్తుందని అతనికి తెలుసు. ‘నొక్కిపట్టు’, ‘రెండు వేళ్లతో తట్టు’ అన్నవి పాఠ్యపుస్తకాలు నేర్పిన మాటలు కావు. చేసే పనిని చూసి జనం అనుకున్నవి. పాఠాలు రాసేవారు ‘రెండో నొక్కు’ అన్న మాటను ఆధారం చేసుకొని, అది మౌస్‌పై ఎలా, పలకపై ఎలా, మీటలపై ఎలా అన్నది ఒక్క వాక్యంలో చెప్పడం సమంజసం. పసుపు బటన్ అన్న స్మాల్‌టాక్ రూపకర్తలు యాభై ఏళ్ల క్రితం పాటించిన వివేకం ఇదే.

మీటల పలకపై ఈ పనికి ఒక ప్రత్యేకమైన మీట కూడా 1990ల మధ్యనుంచి ఉంది. కుడివైపు కంట్రోల్ మీట పక్కన, చిన్న పట్టిక బొమ్మతో కనిపిస్తుంది. షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కినా అదే ఫలితం. మౌస్ పట్టలేనివారికీ, తెరచదువరి సాయంతో పనిచేసే అంధ విద్యార్థులకూ ఇదే ఆధారం. చాలా ల్యాప్‌టాప్‌లలో చోటు చాలదన్న పేరుతో దీన్ని ఎప్పుడో తీసేశారు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన కోపైలట్ మీట పలు కొత్త యంత్రాల్లో సరిగ్గా ఆ చోటులోనే, లేదా దాని పక్కనున్న కుడి కంట్రోల్ చోటులో వచ్చి కూర్చుంది.