ధమనుల బిరుసు: రక్తపరీక్ష చెప్పేది, చెప్పనిది

సింగపూర్‌లో హెల్త్ చెకప్ రిపోర్టు రాగానే మనవాళ్లు ముందు చూసేది కొలెస్ట్రాల్. ఇంటికి ఫోన్ చేసి ఎల్‌డీఎల్ 3.4 అని చెబితే అక్కడివాళ్లకు అర్థం కాదు. ఇక్కడ మిల్లీమోల్స్‌లో ఇస్తారు, ఇండియాలో మిల్లీగ్రాముల్లో. కొలెస్ట్రాల్‌ను 38.7తో, షుగర్‌ను 18తో గుణిస్తే అక్కడి లెక్క వస్తుంది, 3.4 అంటే దాదాపు 130. ఇంత చూసినా రిపోర్టులో కనిపించనిది ఒకటుంది: ధమనులు ఎంత బిరుసెక్కాయన్నది.

నేను చదివింది బీఎస్సీ జువాలజీ. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని ఉత్త గొట్టం కాదు. గుండె కొట్టుకున్నప్పుడు ఉబ్బి కొంత రక్తాన్ని దాచుకుంటుంది, గుండె సేదతీరే క్షణంలో ముడుచుకుని దాన్ని ముందుకు తోస్తుంది. ఈ సాగే గుణం ఎలాస్టిన్ అనే ప్రొటీన్‌ది. అది ఎక్కువగా చిన్నతనంలోనే తయారవుతుంది, తర్వాత అరుగుతూ పోతుంది. ఆ చోట గట్టి కొల్లాజెన్ పెరుగుతుంది. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది కొల్లాజెన్ పోగులను ఒకదానికొకటి ముడివేస్తుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష చూసేది హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరనే. ధమని గోడలో మొదలయ్యేదీ ఆ జాతి రసాయన చర్యే. అందుకే ఈ విషయంలో నేను ముందు చూసే అంకె అదే.

కొవ్వు పేరుకుని నాళం పూడటం వేరు, గోడ బిరుసెక్కడం వేరు. ఎల్‌డీఎల్ ఎక్కువగా మొదటిదాని కథ. హైసెన్సిటివిటీ సీఆర్‌పీ ఒంట్లో వాపును చూపిస్తుంది: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 3 దాటితే గుండె జబ్బు ముప్పు ఎక్కువ. జలుబో డెంగ్యూనో తగ్గిన వారంలో చేయిస్తే ఆ అంకెకు అర్థం లేదు. క్రియాటినిన్‌ను చాలామంది పట్టించుకోరు గానీ, కిడ్నీలు దెబ్బతింటే ధమని గోడల్లో కాల్షియం చేరుతుంది. ఇక ఖరీదైన ప్యాకేజీల్లో కనిపించే హోమోసిస్టీన్ సంగతి. బి విటమిన్లతో దాన్ని తగ్గించినా గుండెపోట్లు తగ్గలేదని పెద్ద ట్రయల్స్‌లో తేలింది. శాకాహారులైతే ఆ డబ్బుతో బి12 చూపించుకోవడం నయం.

ఏ రక్తపరీక్షా బిరుసును నేరుగా కొలవదు. అందుకు మెడ దగ్గర, తొడ మొదట్లో నాడిని పట్టి, ఆ తరంగం ఎంత వేగంగా వెళ్తోందో లెక్కిస్తారు. గోడ గట్టిపడితే తరంగం వేగంగా పోతుంది. సెకనుకు 10 మీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. మామూలు చెకప్‌లో ఇది ఉండదు.

కానీ ఇంట్లో బీపీ మెషీన్ ఉంటుంది. మా మామగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు 158/66 చూపించింది. "కింది నంబరు బాగుందిగా అమ్మా" అన్నారు. ఆ ధైర్యంతోనే మాత్ర సగానికి తగ్గించేశారట! నిజానికి పెద్దవయసులో పై అంకె పెరుగుతూ కింది అంకె తగ్గడం బిరుసెక్కిన ధమని లక్షణం. రెండింటి తేడా 60 దాటితే పెద్దవాళ్లలో దాన్ని గుర్తుగా తీసుకుంటారు, ఆయనది 92. డాక్టరు మాత్ర మళ్లీ పూర్తిగా వేసుకోమన్నారు, కిడ్నీ పరీక్ష కూడా రాశారు. క్రియాటినిన్ కాస్త ఎక్కువే వచ్చింది.

ఇది పెద్దవాళ్ల గొడవే అనుకోకండి. సింగపూర్‌లో 1980-84 మరణాల లెక్కలతో 1990లో వచ్చిన ఒక అధ్యయనంలో, 30-69 ఏళ్ల భారతీయుల్లో గుండె రక్తనాళాల జబ్బు మరణాలు చైనీయులకంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. 2023 జులైలో మొదలైన హెల్తియర్ ఎస్‌జీలో 40 దాటిన సిటిజన్లు, పీఆర్‌లు నమోదు చేసుకోవచ్చు. పాస్ మీద ఉన్నవాళ్లు కంపెనీ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంట్లో బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కూర్చుని, కాఫీ తాగకుండా, రెండుసార్లు కొలిచి, రెండు అంకెలూ రాసిపెట్టండి.