కమ్యూనల్ అవార్డు మనిషి: రామ్సే మాక్డొనాల్డ్

మన పాఠ్యపుస్తకాల్లో రామ్సే మాక్డొనాల్డ్ ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు. 1932 ఆగస్టులో కమ్యూనల్ అవార్డు ప్రకటించి హిందువుల్ని చీల్చజూసిన బ్రిటిష్ ప్రధాని. అంతే. ఇంగ్లండులో ఆయన సొంత లేబర్ పార్టీకీ ద్రోహే, 1931లో టోరీలతో కలిసి నేషనల్ గవర్నమెంటు పెట్టాడని. ఈ రెండు తీర్పుల్లోనూ ఆ అవార్డు ఎవరి గురించి వచ్చిందో వాళ్ల మాట లేదు. అందుకే మళ్లీ తిరగేస్తున్నాం.

మాక్డొనాల్డ్ స్కాట్లండులోని లాసీమౌత్ అనే చేపల రేవులో 1866లో పుట్టాడు. తల్లి పొలాల్లో పనిమనిషి, తండ్రి అరక దున్నే పాలేరు. వాళ్లకి పెళ్లి కాలేదు. మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించాడని 1915లో జాన్‌బుల్ పత్రిక ఆయన జనన పత్రాన్నే అచ్చేసి పరువు తీయబోయింది. వాదనకి జవాబు లేనప్పుడు పుట్టుకని ఎత్తిపొడవడం మనకి తెలియని విద్యేం కాదు. అట్లాగని పాలేరు కొడుకు గనక మాలమాదిగల బాధ అర్థమైందని మేం కథ అల్లబోవడం లేదు. భగత్‌సింగ్‌ని 1931 మార్చిలో ఉరితీసినప్పుడు లండన్‌లో ప్రధాని ఈయనే.

అవార్డు ఆయన దయ కాదు. రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ కొట్లాడితే వచ్చింది. అందులో ఉన్నదేమిటి? కొన్ని ప్రత్యేక నియోజకవర్గాలు. అక్కడ నిలబడేదీ ఓటేసేదీ అంటరానివాళ్లే. దానిపైన జనరల్ నియోజకవర్గంలో కూడా ఓటు. అంటే రెండు ఓట్లు. ఈ రెండో ఓటు సంగతి పాఠ్యపుస్తకం చెప్పదు. చెబితే చీల్చాడన్న మాట నిలవదు మరి! జనరల్ సీటులో సవర్ణ అభ్యర్థి కూడా వాడకొచ్చి ఓటు అడగాల్సిందే.

1932 సెప్టెంబరు 8న గాంధీకి రాసిన జవాబులో మాక్డొనాల్డ్ ఈ మాటే పట్టుకున్నాడు. ఉమ్మడి ఓటు అవార్డులోనే ఉంది, హిందూ ఐక్యతా చెడలేదు. ఇక దీక్ష దేనికంటే, అణగారిన వర్గాలు తమకి నచ్చిన కొద్దిమందిని తామే ఎన్నుకోకుండా ఆపడానికే అన్నది ఆ ఉత్తరం సారాంశం. సామ్రాజ్యపు ప్రధానికి అందిన ఈ ముక్క మన జాతీయవాద చరిత్రకారులకి ఎందుకు అందలేదో వాళ్లనే అడగాలి.

అయితే అవార్డులోనే ఒక కంత ఉంది. సంబంధించిన వర్గాలు తమలో తాము ఒప్పుకుంటే దాన్ని మార్చుకోవచ్చు. సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో దీక్ష మొదలైంది, 24న పూనా ఒడంబడిక. గాంధీకేమన్నా అయితే దేశమంతటా వాడల మీద ఏం విరుచుకు పడుతుందోనన్న భయం నడుమ అంబేద్కర్ సంతకం పెట్టాడు. రెండు రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం సరేనంది. ఇది ఒప్పుకోవడమా, మెడ మీద కత్తా అని అడగలేదు. దీక్ష దేనికో అంత తేటగా చూసినవాడు ఆ కంత దగ్గర కాపలా పెట్టలేదు. మాక్డొనాల్డ్ మీద మా ఫిర్యాదు ఇదీ.

ఆంధ్ర జిల్లాలు కలిసున్న మద్రాసు రాష్ట్రంలో 18 సీట్లు 30 అయ్యాయి. దీన్నే లాభంగా చూపిస్తుంటారు. ప్రాథమిక ఎన్నికలో దళితులు నలుగుర్ని ఎంచుతారు, ఆ నలుగురిలో ఎవరు గెలవాలో ఊరంతా కలిసి తేలుస్తుంది. రాజ్యాంగం వచ్చాక ఆ ప్రాథమిక ఎన్నికా పోయింది. రిజర్వుడు సీట్లు మిగిలాయి. టిక్కెట్టు దొరికిన దళిత అభ్యర్థి ముందుగా ఎవరి గడప తొక్కుతాడో ఎన్నికలప్పుడు ఏ ఊళ్లోనైనా చూడొచ్చు.