మెట్లు లేని ఇల్లు

ఇల్లు కట్టి చూడుమని పెద్దలు హెచ్చరించినది ఖర్చును తలచి. కట్టిన ఇంటిలోనికి యజమాని తనంతట తాను ప్రవేశింపలేని స్థితి వచ్చినచో ఏమి చేయవలెనో వారు చెప్పలేదు. ఎత్తైన అరుగు, దానికి మెట్లు, ఆపైన పసుపు పూసిన గడప మన ఇండ్లకు శోభ. చక్రాల కుర్చీలో తిరుగువారికి మాత్రము అవి మూడును మూడు కోటగోడలే. ఈ చిక్కు విడిపోయిన తీరును, వాలుభూమిపై అది మరింత బిగియుటకు గల కారణమును ఇక్కడ మనవి చేయదలచినాము.

పూర్వపు యుద్ధములలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులలో అధికులు శయ్యావ్రణములకో, మూత్రకోశ వ్యాధులకో లోనై కొద్దికాలములోనే మరణించెడివారు. రెండవ ప్రపంచయుద్ధము నాటికి పెన్సిలిన్ వంటి మందులు, మెరుగైన చికిత్స పెక్కుమందిని బ్రతికించినవి. బ్రతికినవారికి తగిన ఇండ్లు మాత్రము లేవు. అమెరికా ప్రభుత్వము 1948లో ఒక చట్టము చేసి, కాళ్ళు చచ్చుబడిన మాజీ సైనికుని ఇంటి ఖర్చులో సగము, 10,000 డాలర్లకు మించకుండ, తాను భరించుటకు పూనుకొన్నది.

నౌకాదళములో పనిచేసిన కెన్నెత్ లారెంట్ వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట కాళ్ళ స్వాధీనము కోల్పోయినారు. ఆయన సుప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు లేఖ వ్రాసినారు. రైట్ అప్పటికి ఎనుబది ఏండ్లు దాటినవారు. సామాన్య కుటుంబములకు అందుబాటులో నుండు ఇండ్లను ఆయన అంతకుముందే నిర్మించి యుండిరి. 1937లో మాడిసన్ నగరమున జేకబ్స్ దంపతుల ఇల్లు 5,500 డాలర్లతో పూర్తియైనది. పూర్తి నేలమాళిగ లేదు, అటక లేదు. కాంక్రీటు గచ్చు నేలమీదనే పరచి, దానిక్రింద వెచ్చదనమునకై గొట్టములు అమర్చినారు. కారుకు గది మాని పందిరి వేసినారు.

ఇది యంతయు పొదుపు కొఱకు చేసినది. అయినను నేలమాళిగతో పాటు మెట్లు కూడ పోయినవి. ఖర్చు తగ్గించుటకు తీసివేసినవే నడవలేనివారికి అడ్డములై యుండినవి!

ఇలినాయ్ రాష్ట్రములోని రాక్‌ఫర్డ్‌లో, వాగు వైపునకు మెల్లగా వాలిన స్థలమున 1952లో లారెంట్ గారి ఇల్లు పూర్తియైనది. కారు పందిరి, గదులు, బయటి వసారా అన్నియు ఒకే మట్టమున నున్నవి. ద్వారములు విశాలములు. బల్లల క్రింద మోకాళ్ళకు చోటు గలదు. స్విచ్చులు కూర్చున్నవారి చేతికందును. ఆ దంపతులు అందు సుమారు 60 ఏండ్లు కాపురమున్నారు. 2014లో ఆ ఇల్లు ప్రజాసందర్శనకు తెరువబడినది.

ఇక వాలుభూమి లెక్క చూతము. పదియడుగులకు ఒక అడుగు దిగు నేలపై 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల ఇల్లు కట్టవలెననుకొందము. పొడవును వాలు వెంబడి నిలిపినచో రెండు కొనల నడుమ ఎత్తు తేడా 5 అడుగులు. వాలుకు అడ్డముగా త్రిప్పినచో 2 అడుగులే. పైభాగమున త్రవ్విన మన్ను క్రిందిభాగమున నింపి మట్టము చేసినచో, మొదటి పద్ధతిలో త్రవ్వకము 625 ఘనపుటడుగులు, రెండవదానిలో 250 మాత్రమే. కేరళలో చౌక ఇండ్లకు పేరుపడిన లారీ బేకర్ (1917–2007) ఈ సూత్రమునే బొమ్మలు గీసి బోధించినారు. నింపిన మన్నును బాగుగా దిమ్మిస చేయవలెను. పైనుండి వచ్చు వాననీటిని కాలువ త్రవ్వి ప్రక్కకు మళ్ళింపవలెను. ఈ రెండింటిలో పొదుపు తగదు.

దారి ఎగువ నున్నచో అదృష్టమే. వాకిలి దారిమట్టమున పెట్టవచ్చును. దిగువ నున్నచో ఏటవాలు బాట వలయును. అడుగు ఎత్తునకు 12 అడుగుల నిడివి నేటి ప్రమాణము. మూడడుగుల అరుగెక్కుటకు 36 అడుగుల బాట! ఇల్లు కట్టిన పిమ్మట అంత చోటు దొరకుట కష్టము.

మన దేశమున 2016 నాటి చట్టము ప్రజాభవనములు అందరికిని అందుబాటులో నుండవలెనని విధించినది. స్వంత ఇంటి విషయము మన వివేకమునకే మిగిలినది. చక్రాల కుర్చీ ఎవరికో సంబంధించినదని తలచుట పొరపాటు. మోకాళ్ళనొప్పులతో గోడ పట్టుకొని మెట్టెక్కు అమ్మమ్మ మన ఇండ్లలోనే యున్నది. పునాదికి ముగ్గు పోయునాడే ఆమెను తలచుకొన్నచో, గడపకు పసుపు పూయుట మానకయే, దానిని నేలమట్టమున నిలుపవచ్చును.