ఇద్దరికీ కలిపి ఒకే పేరు

ఈ వారం ఎపిసోడ్‌లో బాపు-రమణల గురించి మాట్లాడుకున్నాం. మాట్లాడిందంతా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంది. కానీ వాళ్ల ఆఖరి రోజుల సంగతి హడావుడిగా ముగించేశాం. అది ఇంకాస్త నెమ్మదిగా చెప్పాల్సిన కథ. అందుకే ఈ వ్యాసం.

2010 చివర్లో ఇద్దరు స్నేహితులు ఒక సినిమా మొదలుపెట్టారు. రాసే ఆయనకి 79 ఏళ్లు, తీసే ఆయనకి 77. వాల్మీకి వేషానికి వాళ్లు పిలిచిన నటుడు అక్కినేని నాగేశ్వరరావు, ఆయనకి 86. సినిమా పేరు శ్రీరామరాజ్యం. 2011 ఫిబ్రవరి 24న రాసే ఆయన, ముళ్లపూడి వెంకటరమణ, చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి సినిమా పూర్తి కాలేదు. మిగతాది బాపు ఒక్కరే పూర్తి చేశారు. నవంబర్ 17న అది విడుదలైంది. సైన్స్ పార్క్ వాళ్లకి గుర్తుండేలా చెప్పాలంటే, మన కెంట్ రిడ్జ్ ఎంఆర్‌టీ స్టేషన్ తెరిచిన నలభై రోజులకి.

సైన్స్ పార్క్ మాటెందుకంటే, ఈ ఎపిసోడ్‌కి మొదటి ప్రశ్న అక్కణ్ణుంచే వచ్చింది. అక్కడ మన శ్రోతలు రెండు రకాలు. ల్యాబుల్లో, ఐటీలో చేసేవాళ్లు కొందరు, ఆ బిల్డింగుల్లో ఏసీలు, కరెంటు, క్లీనింగ్ చూసుకునేవాళ్లు కొందరు. వాళ్లలో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇద్దరు పెద్దమనుషులు, పాత సినిమాలు, ఇది మనకెందుకు?" మంచి ప్రశ్న. జవాబు ఏంటంటే, వాళ్లూ మనలాగే ఊరు వదిలి వచ్చినవాళ్లు.

రమణ పుట్టింది 1931లో, గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో. బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933లో నరసాపురంలో పుట్టారు. అదీ గోదావరి ఒడ్డే. కానీ ఇద్దరూ కలిసింది గోదావరి దగ్గర కాదు, మద్రాసు మైలాపూరులోని పి.ఎస్. హైస్కూల్లో. రమణకి తండ్రి చిన్నప్పుడే పోయారు. తల్లి కష్టపడి పెంచింది. 1945లో 'బాల' పత్రికలో రమణ మొదటి కథ అచ్చయింది. దానికి బొమ్మ వేసింది బాపు. అంటే ఒకరికి పద్నాలుగేళ్లు, ఇంకొకరికి పదకొండో పన్నెండో. అక్కణ్ణుంచి 2011 దాకా ఆ జోడీ విడిపోలేదు. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఒకరి రాత, ఒకరి గీత.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు మాత్రం మనకి రాలేదు. అప్పటిదాకా సొంత రాజధాని అనుకున్న ఊళ్లో తెలుగువాళ్లు ఒక్కరోజులో పక్క రాష్ట్రం వాళ్లయ్యారు. కానీ పత్రికలు, రేడియో, స్టూడియోలు అన్నీ అక్కడే ఉన్నాయి. పని ఉన్నచోటే మనుషులూ ఉంటారు, ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రమణ ఆంధ్రపత్రికలో జర్నలిస్టు. బాపు లా చదివి, బొమ్మల దారి పట్టారు.

ఇంతకీ వాళ్లు మద్రాసులో కూర్చుని ఏం చేశారు? గోదావరినే మళ్లీ కట్టుకున్నారు. 1967లో బాపు మొదటి సినిమా సాక్షి. రమణ కథ. కృష్ణ, విజయనిర్మల నటించారు. స్టూడియో సెట్టు వదిలేసి గోదావరి పక్కన పులిదిండి అనే ఊరికి యూనిట్‌ని తీసుకెళ్లి తీశారు. 1973లో అందాల రాముడు, అక్కినేని హీరో. కథంతా గోదావరి మీద భద్రాచలం వెళ్లే లాంచీలోనే. 1975లో ముత్యాలముగ్గు, జాతీయ అవార్డు వచ్చిన సినిమా. తెలుగు పల్లె అనగానే మన కళ్లముందు కనబడే బొమ్మలో సగం, ఊరు వదిలి వెళ్లిన ఈ ఇద్దరూ వేసిందే. సింగపూర్ తెలుగు సమాజం మొదలైంది కూడా ఆ 1975లోనే. ముగ్గు దూరమైనవాళ్లకే ముగ్గు విలువ బాగా తెలుస్తుందేమో!

అప్పుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఏజెంటుకి కట్టడానికి వడ్డీకి తెచ్చి విమానం ఎక్కినవాళ్లు మనలో ఎంతమందో. రమణ అప్పుల మీద ఏకంగా 'ఋణానందలహరి' రాశారు, అప్పారావు అనే మనిషిని సృష్టించి. అప్పు చేసేవాణ్ణి చూసి నవ్వడం తేలిక. అప్పు చేసేవాడి పక్కన కూర్చుని నవ్వడం వేరు. ఆకలి తెలిసిన మనిషి కాబట్టి రమణకి ఆ రెండోది వచ్చింది.

డెబ్బై దాటాక ఆయన తన జీవితం రాయడం మొదలుపెట్టారు. స్వాతి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పేరు 'కోతికొమ్మచ్చి'. చిన్నప్పుడు చెట్లెక్కి ఆడిన ఆటే. పుట్టాను, చదివాను, ఎదిగాను అని వరసలో చెప్పరు. స్టూడియో కొమ్మ మీంచి బడి కొమ్మ మీదికి, అక్కణ్ణుంచి పస్తులున్న రోజుల మీదికి దూకుతారు. నిజానికి వయసైనవాళ్లు కథ చెప్పే పద్ధతే అది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌లో అలాగే చెప్తారు, మీ ఇంట్లోనూ అంతేననుకుంటా. "అబ్బా, అసలు విషయానికి రండి" అని మనం తొందరపెడతాం. ఆ దూకడమే అసలు విషయం అని ఈ పుస్తకం చదివాక తెలిసింది నాకు.

ఇంకో సంగతి. అది ఒక్క మనిషి ఆత్మకథలా ఉండదు. పక్కన బాపు బొమ్మలుంటాయి. పేజీ తిప్పితే మరో స్నేహితుడు, సాయం చేసిన మరో మనిషి. బాపు బయట పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మాటలన్నీ రమణవి. అంటే ఇద్దరి జ్ఞాపకాన్నీ ఒక్కరే రాశారన్నమాట. ఆ ఒక్కరూ వెళ్లిపోయాక రెండో మనిషికి మిగిలేది ఏంటి? నలుగురూ ఓదారుస్తారు. కానీ "ఆరోజు బళ్లో ఏమైందో గుర్తుందా?" అంటే ఔనని తలూపే మనిషి ఇక లేడు.

అలాంటి స్థితిలో బాపు శ్రీరామరాజ్యం పూర్తి చేశారు. అది 1963 నాటి లవకుశ కథే. ఆ లవకుశకీ ఓ చరిత్ర ఉంది. 1934లో ఒకసారి లవకుశ తీసిన సి. పుల్లయ్యే రంగుల్లో మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో ఆరోగ్యం పాడైతే కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు ముగించడం ఆ కథకి కొత్తకాదు. అక్కడ కొడుకు, ఇక్కడ స్నేహితుడు.

ఆ సినిమాలో వాల్మీకిగా వేసిన అక్కినేనిది ఇంకో దారి. ఆయన మద్రాసు వదిలి హైదరాబాద్ వచ్చేశారు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు. 2013 అక్టోబర్‌లో తనకి క్యాన్సర్ అని తనే విలేకరుల్ని పిలిచి చెప్పారు. కొడుకు, మనవడితో కలిసి మనంలో నటించి, 2014 జనవరి 22న వెళ్లిపోయారు. మేలో సినిమా వచ్చింది. ఆయన వారసత్వం స్టూడియోలో ఉంది, మనవళ్లలో ఉంది. బాపు-రమణలు మద్రాసులోనే ఉండిపోయారు. బాపు 2014 ఆగస్టు 31న చెన్నైలో పోయారు. వాళ్ల వారసత్వం మాత్రం ఇద్దరికీ కలిపి ఒక పేరుగా మిగిలింది. రక్తసంబంధం లేని ఇద్దర్ని తెలుగువాళ్లు ఒకే ఊపిరిలో పలుకుతారు. మన పెళ్లి శుభలేఖల మీద బాపు చేతిరాత అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. బుడుగు మాటలు వింటే బుడుగు బొమ్మ కళ్లముందుకొస్తుంది. ఏది ఎవరిదో విడదీయలేం.

ఆ తమ్ముడి ప్రశ్నకి నేను చెప్పగలిగింది ఇది. ఇల్లు కట్టడానికి, పొలం విడిపించుకోవడానికి మనం ఏళ్లకేళ్లు దూరంగా ఉంటాం. ఆ ఏళ్లలోనే ఊళ్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతుంటారు. డబ్బు పంపితే ఇల్లు లేస్తుంది. కానీ ఆ ఇంటి కథ మనతో పాటు తెలిసిన మనిషి ఎక్కడో ఒకచోట ఉండాలి. రమణ ఆలస్యం చేయకుండా రాశారు, బాపు పక్కన ఉండగానే రాశారు. మనం పుస్తకాలు రాయనక్కర్లేదు, చేతిలో ఫోనుంది కదా.

వచ్చే ఎపిసోడ్‌కి మీ వాయిస్ నోట్స్ పంపండి. ఒక్క షరతు: ఒక్కరే మాట్లాడితే కుదరదు. మీతో కలిసి చదివినవాడో, మీతో కలిసి మొదటిసారి బస్సెక్కి ఊరు దాటినవాడో, వాణ్ణి కూడా లైన్‌లోకి తీసుకోండి. ఇద్దరూ కలిసి ఒక జ్ఞాపకం చెప్పండి. వరసగా చెప్పకపోయినా పర్వాలేదు, కొమ్మ మీంచి కొమ్మకి దూకండి.