పెళ్లితో వచ్చిన గ్రీన్ కార్డ్‌కు రెండేళ్లే గడువు.. కండిషన్లు తొలగాలంటే ఏ ఆధారాలు చూపించాలి?

అమెరికా సిటిజన్‌ను పెళ్లి చేసుకుని అక్కడికి వెళ్లిన కొత్త జంటల్లో చాలామందికి మొదట వచ్చేది పదేళ్ల గ్రీన్ కార్డ్ కాదు, రెండేళ్ల కార్డు. దీన్నే కండిషనల్ గ్రీన్ కార్డ్ అంటారు. ఆ గడువు ముగిసేలోపు ఐ-751 అనే పిటిషన్ వేయాలి. తమది కాగితం పెళ్లి కాదని, నిజంగా కలిసి కాపురం చేస్తున్నామని ఆధారాలతో చూపించాలి. లేకపోతే పర్మనెంట్ రెసిడెంట్ హోదాకే ముప్పు. మరి ఆ ఆధారాలు ఏంటి? ఎప్పుడు ఇవ్వాలి? భర్తో, భార్యో సంతకం పెట్టనంటే దారేంటి? పూర్తి వివరాలు ఇవీ..

రెండేళ్ల కార్డు ఎవరికి వస్తుంది?

గ్రీన్ కార్డ్ హోదా దక్కిన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే కండిషనల్ కార్డు ఇస్తారు. ఇమ్మిగ్రెంట్ వీసాతో ఇండియా నుంచి వెళ్లేవారికి లెక్క వీసా స్టాంప్ పడిన రోజు నుంచి కాదు. అమెరికా ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టిన రోజునే చూస్తారు. ఈ కార్డుపై కేటగిరీ దగ్గర సీఆర్1 లేదా సీఆర్6 అని ఉంటుంది. డబ్బు కోసమో, కార్డు కోసమో జరిగే దొంగ పెళ్లిళ్లను అడ్డుకోవడానికి 1986లో తెచ్చిన చట్టంతో ఈ విధానం మొదలైంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. హెచ్-1బీ మీద పనిచేస్తూ ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డ్ తెచ్చుకున్నవారి భార్య లేదా భర్తకు ఈ రెండేళ్ల షరతు ఉండదు. ఆ కేసుతో పాటే డిపెండెంట్‌గా వచ్చిన కార్డు మామూలు కార్డే. కాబట్టి ఐ-751 గొడవ ప్రధానంగా పెళ్లి ఆధారంగా కార్డు పొందినవారిదే.

90 రోజుల లెక్క.. ముందు వేసినా తప్పే

భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వేసే జాయింట్ పిటిషన్‌ను కార్డు గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లోనే పంపాలి. ఉదాహరణకు కార్డు మీద నవంబర్ 20 అని ఉంటే ఆగస్టు 22 నుంచి విండో తెరుచుకుంటుంది. అంతకన్నా ముందు పంపితే వెనక్కి తిప్పి పంపొచ్చు. గడువు దాటితే ఆలస్యానికి సరైన కారణం రాతపూర్వకంగా చెప్పుకోవాలి. ఆస్పత్రిలో ఉండటం, కుటుంబంలో మరణం లాంటి వాటికి ఆధారాలు జత చేయాలి. మర్చిపోయాం అంటే సరిపోదు.

ఇది కార్డు రెన్యువల్ కాదు. పదేళ్ల కార్డును మార్చుకునే ఐ-90 ఫారం ఇక్కడ పనికిరాదు. ఐ-751 ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి 750 డాలర్లు. ఫీజులు, చెల్లించే పద్ధతి మారుతుంటాయి కాబట్టి పంపే రోజున యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోవాలి. తల్లి లేదా తండ్రితో పాటే, లేదా ఆ తర్వాత 90 రోజుల్లోపు కండిషనల్ హోదా పొందిన పిల్లల్ని అదే పిటిషన్‌లో చేర్చవచ్చు.

అధికారి అసలు ఏం చూస్తారు?

పెళ్లి ఎంత ఘనంగా జరిగిందన్నది కాదు, పెళ్లి తర్వాత ఇద్దరూ ఎలా బతికారన్నదే ముఖ్యం. పెళ్లి రోజు నుంచి పిటిషన్ పంపే రోజు వరకు రికార్డు కనిపించాలి. చివరి రెండు నెలల్లో హడావిడిగా తెరిచిన జాయింట్ అకౌంట్ ఒక్కటే పెడితే అనుమానం రావడం సహజం. ఎక్కువగా పనికొచ్చే ఆధారాలు ఇవి..

ఇల్లు: ఇద్దరి పేర్లూ ఉన్న అపార్ట్‌మెంట్ లీజు, లేదా సొంతిల్లు అయితే డీడ్, మార్ట్‌గేజ్ కాగితాలు. కరెంట్, గ్యాస్, ఇంటర్నెట్ బిల్లులు. ఇద్దరి డ్రైవింగ్ లైసెన్సుల మీద ఒకే అడ్రస్ ఉంటే ఇంకా మంచిది.

డబ్బు: జాయింట్ చెకింగ్, సేవింగ్స్ అకౌంట్ల స్టేట్‌మెంట్లు. అకౌంట్ ఉండటం కన్నా అందులో జీతం పడటం, అద్దె, కిరాణా, కారు ఈఎంఐ పోవడం కనిపించడం ముఖ్యం. ఇద్దరి పేరు మీద ఉన్న లోన్లు, క్రెడిట్ కార్డులు కూడా జత చేయొచ్చు.

ట్యాక్స్: భార్యాభర్తలుగా కలిసి వేసిన ఫెడరల్, స్టేట్ రిటర్నులు. ఐఆర్ఎస్ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు ఉచితంగా తీసుకోవచ్చు. పెళ్లయ్యాక కూడా సింగిల్ అని రిటర్న్ వేసి ఉంటే అది కేసుకు ఇబ్బందే. ముందే సీపీఏతో మాట్లాడి సరిచేయించుకోవడం మేలు.

ఇన్సూరెన్స్, నామినీ: ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లో భార్య లేదా భర్త పేరు, లైఫ్ ఇన్సూరెన్స్, 401కే ఖాతాల్లో బెనిఫిషియరీగా పేరు, ఇద్దరి పేర్లూ ఉన్న కారు ఇన్సూరెన్స్.

పిల్లలు: పుట్టి ఉంటే బర్త్ సర్టిఫికెట్ చాలా బలమైన ఆధారం. పిల్లలు లేకపోతే కేసు బలహీనం అనుకోనక్కర్లేదు. మిగతా ఆధారాలు నిండుగా ఉంటే చాలు.

ఫొటోలు, ప్రయాణాలు: రెండేళ్లలో వేర్వేరు సందర్భాల్లో దిగిన పది ఇరవై ఫొటోలు. వెనుక తేదీ, ఊరు, పక్కన ఎవరున్నారో రాయాలి. కలిసి ఇండియా వచ్చిన ఫ్లైట్ టికెట్లు, హోటల్ బుకింగులు పెట్టవచ్చు.

అఫిడవిట్లు: కండిషనల్ కార్డు వచ్చినప్పటి నుంచి జంటను దగ్గరగా చూసిన కనీసం ఇద్దరితో రాయించవచ్చు. వారి పూర్తి పేరు, అడ్రస్, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, బంధుత్వం రాయాలి. ఈ జంట గురించి వారికి ఎలా తెలుసో వివరంగా చెప్పాలి. 'వీళ్లు మంచి దంపతులు' అనే ఒక్క ముక్కతో లాభం లేదు. ఉగాదికి వాళ్లింటికి వెళ్లాం, బాబు పుట్టినప్పుడు ఆస్పత్రిలో ఉన్నాం.. ఇలా కళ్లారా చూసింది రాయాలి. అఫిడవిట్లు మాత్రమే పెడితే చాలదు, వాటికి తోడు డాక్యుమెంట్లు ఉండాలి.

తెలుగు జంటలు ఇబ్బంది పడేది ఇక్కడే

మన ఇళ్లలో డబ్బు వ్యవహారం ఒకరే చూసుకోవడం మామూలే. లీజు, బ్యాంకు, కారు, కరెంట్ అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. ఇంట్లో నమ్మకం ఉంది కదా అని రెండో పేరు చేర్చరు. కాపురం నిజమే అయినా, కాగితం మీద మాత్రం ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నట్టు కనిపిస్తుంది. కార్డు వచ్చిన మొదటి నెలల్లోనే లీజు ఆఫీసుకు, బ్యాంకుకు వెళ్లి రెండో పేరు చేర్పించుకుంటే రెండేళ్లకు రికార్డు దానంతట అదే తయారవుతుంది. ఇది పిటిషన్ కోసమే కాదు. కొత్తగా వెళ్లిన అమ్మాయికో, అబ్బాయికో సొంత క్రెడిట్ హిస్టరీ, డబ్బు మీద హక్కు కూడా ఇలాగే వస్తాయి.

రెండోది పేర్ల గందరగోళం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఇనిషియల్‌గా, పెళ్లి సర్టిఫికెట్‌లో మరోలా ఉండొచ్చు. ఐ-751లో ఇతర పేర్లు అడిగే చోట ఇవన్నీ రాయాలి. చిన్న వివరణ లేఖ కూడా పెడితే అధికారి తికమక పడరు.

మూడోది ఉద్యోగం వల్ల వేర్వేరు ఊళ్లలో ఉండటం. ఒకరు డాలస్‌లో, మరొకరు న్యూజెర్సీలో ప్రాజెక్టు చేస్తుంటే పెళ్లి నకిలీ అని అర్థం కాదు. కానీ దాచకూడదు. ఆఫర్ లెటర్, రెండు ఇళ్ల అద్దె కాగితాలు, వారాంతాల్లో తిరిగిన టికెట్లు, ఫోన్ రికార్డులు పెట్టి కారణం చెప్పాలి.

ఇక ఇండియాలోని కాగితాలు. ఇద్దరి పేరు మీద ఫ్లాట్, ఎల్ఐసీ పాలసీలో నామినీ లాంటివి అదనపు ఆధారాలుగా పనికొస్తాయి. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ పూర్తి ఇంగ్లీష్ అనువాదం ఉండాలి. అనువాదం సరైనదేనని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు సంతకం చేయాలి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుని కాపీలే పంపాలి.

సంతకం పెట్టను అంటే?

ఇక్కడే చాలామంది భయపడి నోరు మూసుకుంటారు. 'నేను సంతకం పెట్టకపోతే నిన్ను వెనక్కి పంపేస్తారు' అనే బెదిరింపు వల్ల దెబ్బలు తింటూ ఉండిపోయేవారు ఉన్నారు. అది నిజం కాదు. కార్డును రద్దు చేసే అధికారం భర్తకో, భార్యకో, అత్తింటివారికో లేదు.

జాయింట్‌గా వేయలేని పరిస్థితిలో ఒంటరిగానే వెయివర్ కోరుతూ ఐ-751 వేయొచ్చు. దీనికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి. పెళ్లి నిజాయితీగా చేసుకున్నా విడాకులతో ముగియడం. జీవిత భాగస్వామి చనిపోవడం. గృహహింస లేదా తీవ్రమైన క్రూరత్వానికి గురికావడం. దేశం నుంచి పంపేస్తే అసాధారణమైన కష్టం ఎదురుకావడం. వెయివర్‌కు 90 రోజుల విండో వర్తించదు. కండిషనల్ హోదా వచ్చాక ఎప్పుడైనా వేయొచ్చు.

విడాకుల కేసులో కోర్టు డిక్రీ అవసరం. కేసు ఇంకా నడుస్తుంటే డిక్రీ చూపించమని నోటీసు రావచ్చు. హింస కేసుల్లో పోలీసు రిపోర్టు, ప్రొటెక్షన్ ఆర్డర్, డాక్టర్ రికార్డులు, గాయాల ఫొటోలు, కౌన్సెలర్ లేఖ, మెసేజ్‌లు ఉపయోగపడతాయి. ఈ కారణంతో వెయివర్ వేయడానికి విడాకులు అయి ఉండాలన్న నిబంధన లేదు. ఆ వివరాలను అవతలివారికి చెప్పకూడదని కూడా చట్టం ఉంది. అయితే ఈ రెండు కేసుల్లోనూ పెళ్లి మొదట నిజంగానే జరిగిందని చూపించాలి. అందుకే పాస్‌పోర్టు, కార్డు, లీజు, స్టేట్‌మెంట్ల కాపీలు సొంత ఈమెయిల్‌లో దాచుకోవడం ఎవరికైనా మంచిది.

అత్యవసరమైతే 911కు కాల్ చేయాలి. గృహహింస బాధితుల జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233 రోజంతా అందుబాటులో ఉంటుంది.

ఫైల్ చేశాక ఏమవుతుంది?

పిటిషన్ అందినట్టు రసీదు నోటీసు వస్తుంది. 2023 జనవరి నుంచి ఈ నోటీసు కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తోంది. పాత కార్డుతో పాటు ఈ నోటీసు చూపించి ఉద్యోగం చేయొచ్చు, ఇండియాకు వచ్చి తిరిగి వెళ్లొచ్చు. ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ కాలం బయట ఉండాల్సి వస్తే మాత్రం అమెరికా నుంచి బయల్దేరేముందే రీఎంట్రీ పర్మిట్‌కు అప్లై చేసుకోవాలి.

వేలిముద్రలకు పిలుపు రావచ్చు. ఆధారాలు బలంగా ఉంటే ఇంటర్వ్యూ లేకుండానే ఆమోదం రావచ్చు. అనుమానం ఉంటే ఇద్దరినీ పిలుస్తారు. కాగితాలు చాలకపోతే ఆర్‌ఎఫ్‌ఈ పంపుతారు. దానిపై రాసిన తేదీలోపు సమాధానం చేరాలి. ఇల్లు మారితే 10 రోజుల్లోపు యూఎస్‌సీఐఎస్‌కు కొత్త అడ్రస్ చెప్పాలి. నోటీసు పాత ఇంటికి వెళ్లిపోతే నష్టపోయేది మీరే.

ఈ కేసు నడుస్తుండగానే, సిటిజన్ అయిన భాగస్వామితో మూడేళ్లు కాపురం పూర్తయి మిగతా అర్హతలు ఉంటే పౌరసత్వం కోసం ఎన్-400 వేయొచ్చు. కండిషనల్‌గా గడిపిన రెండేళ్లూ ఆ మూడేళ్లలో లెక్కకొస్తాయి.

తిరస్కరిస్తే?

పిటిషన్ తిరస్కరిస్తే హోదా రద్దయి ఇమ్మిగ్రేషన్ కోర్టుకు హాజరు కావాలని నోటీసు ఇస్తారు. అంతటితో అయిపోయినట్టు కాదు. అక్కడ జడ్జి ముందు కేసును మళ్లీ వినిపించుకోవచ్చు. కానీ ఆ దశకు వస్తే అనుభవం ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయర్ తప్పనిసరి. ఇక ఇమ్మిగ్రేషన్ చట్టాన్ని తప్పించుకోవడానికి తెలిసి దొంగ పెళ్లి చేసుకుంటే ఐదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా ఉంటాయి. అందుకే లేని కాగితాన్ని సృష్టించడం కన్నా, ఆ కాగితం ఎందుకు లేదో నిజం రాయడమే సురక్షితం.

ఇవి అందరికీ వర్తించే సాధారణ నియమాలు. గొడవలు, విడాకులు, పాత క్రిమినల్ కేసులు ఉన్నవారు ఫారం పంపేముందే లాయర్‌తో మాట్లాడాలి. మిగతావారు ఇవాళే కార్డు తీసి గడువు తేదీ చూసుకుని, అక్కడి నుంచి 90 రోజులు వెనక్కి లెక్కపెట్టి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.