కళాక్షేత్ర పాలకమండలి: కుర్చీలు ఎవరివి, తోలు ఎవరిది?

కళాసంస్థల చరిత్ర రాసేవాళ్లు ఎప్పుడూ వేదిక గురించే రాస్తారు. ఎవరు పాడారు, ఎవరు ఆడారు, ఎవరికి ఏ బిరుదు వచ్చింది అని. కానీ ప్రతి సంస్థలోనూ వేదిక వెనక ఒక గది ఉంటుంది. వేదిక ఎవరికివ్వాలి, ఎవరికివ్వకూడదు, ఏది కళ, ఏది కాదు అన్నది తేలేది ఆ గదిలోనే. అక్కడి కుర్చీలు ఎవరివి అని అడిగిన చరిత్ర మనకు చాలా తక్కువ. ఈ వ్యాసం ఆ గది గురించి. ఉదాహరణకి తీసుకున్నది మద్రాసులోని కళాక్షేత్ర.

మద్రాసు సంస్థతో తెలుగువాళ్లకేం పని అని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. అక్కడ పాడే త్యాగరాజ కృతులు తెలుగువి. అభినయం పట్టే క్షేత్రయ్య పదాలు తెలుగువి. ఆ పదాల్ని తరతరాలుగా గొంతులోనూ ఒంట్లోనూ దాచిపెట్టినవాళ్లు తమిళనాట దేవదాసీలు, మన గోదావరి జిల్లాల్లో కళావంతులు. అక్కడి చేతిపనుల కేంద్రంలో కలంకారీ విభాగం ఉంది. అదీ మన కాళహస్తి, మచిలీపట్నాల పేరు మోసిన పనే. పాట మనదైనప్పుడు దాని మీద పెత్తనం ఎవరిదని అడిగే హక్కు కూడా మనదే.

1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెస్ మహాసభలతో పాటు సంగీత సమావేశం జరిగింది. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. మొదటి అధ్యక్షుడు యు. రామారావు డాక్టరు. కార్యదర్శుల్లో ఒకడైన ఇ. కృష్ణయ్యర్ వకీలు. దాన్ని నడిపింది ఇలాంటి చదువుకున్న పట్నం పెద్దమనుషులే. వీళ్లంతా చెడ్డవాళ్లని నేననడం లేదు. కృష్ణయ్యర్ తానే ఆడవేషం కట్టి సదిర్ ఆడినవాడు. 1931లో దేవదాసీ కుటుంబానికి చెందిన కల్యాణి కూతుళ్ల కచేరీ అకాడమీలో పెట్టించారు. అది ఆనాటికి సాహసమే. అయినా ఆ ఏర్పాటులో ఎవరి చోటు ఎక్కడుందో చూడండి. ఆడినవాళ్లు దేవదాసీలు. ఆడించాలా వద్దా అని తీర్మానించినవాళ్లు వకీళ్లు, డాక్టర్లు. సదిర్ భరతనాట్యంగా పేరు మార్చుకున్న కాలం కూడా ఇదే. పేరు పెట్టే అధికారం అప్పటికే చేతులు మారిపోయింది.

1935 డిసెంబరులో దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవాల్లో రుక్మిణీదేవి తన మొదటి ప్రదర్శన ఇచ్చింది. 1936 జనవరిలో భర్త జార్జి అరుండేల్‌తోనూ మిత్రులతోనూ కలిసి అడయారులో సంస్థ పెట్టింది. అదే తర్వాత కళాక్షేత్ర అయింది. అరుండేల్ అప్పటికే దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షుడు. రుక్మిణీదేవి నాట్యం ఎవరి దగ్గర నేర్చుకుంది? మైలాపూరు కపాలీశ్వర దేవాలయానికి చెందిన దేవదాసి గౌరి అమ్మాళ్ దగ్గర, పందనల్లూరు నట్టువనారు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర. విద్య ఆ ఇళ్లది. సంస్థ మాత్రం ఆ ఇళ్లది కాలేదు. నట్టువనార్లు వచ్చి పాఠం చెప్పారు. కొన్నేళ్లకు తాళం పట్టే పని కూడా రుక్మిణీదేవి శిష్యుల చేతికి వచ్చింది. ఇక పాతవాళ్లు లేకపోయినా బండి నడుస్తుంది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం అవసరమే. కానీ ఆ ఆచారం పోయిన చోట ఆ స్త్రీలకు బతుకుదెరువేమిటి, వాళ్ల విద్యకు వారసులెవరు అన్న ప్రశ్నలు మిగిలిపోయాయి. వాటికి కళాసంస్థల కమిటీలు తమకు అనుకూలమైన జవాబే చెప్పుకున్నాయి.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇసై వెళ్లాలర్లు గానీ కళావంతులు గానీ దళితులు కారు. వాళ్లకు జరిగిన అన్యాయాన్నీ మనకు జరిగినదాన్నీ ఒకే గంపలో వెయ్యకూడదు. వాళ్లను గురువులుగా పిలిచి పక్కకు నెట్టారు. మనల్ని అసలు పిలవనేలేదు. కానీ మన చేతిపని లేకుండా ఆ వేదిక మీద ఒక్క అడుగు పడదు.

ఎలాగంటే, మృదంగం సంగతి చూడండి. ఒళ్లు పనసచెక్క. మూతులకు, వార్లకు కావలసింది ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు. కబేళాకు పోయి తోలు ఎంచాలి, కడగాలి, ఆరబెట్టాలి, గీకాలి, శ్రుతి పలికేదాకా బిగించాలి. మా వాడలో డప్పు కట్టేవాళ్ల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి ఇది ఒట్టి కాయకష్టం కాదని నాకు తెలుసు. ఏ తోలు ఏ నాదం పలుకుతుందో చెవితో, వేలితో తేల్చే విద్య అది. తమిళనాట మృదంగం కట్టే పనిలో దళిత క్రైస్తవ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. పాల్ఘాట్ మణి అయ్యర్ పేరు సంగీతం వినేవాళ్లందరికీ తెలుసు. ఆయన మృదంగాలు కట్టిన పర్లాందు పేరు ఎంతమందికి తెలుసు? వాయించినవాడు విద్వాంసుడు, కట్టినవాడు పనివాడు. ఈ గీత గీసింది సంగీతం కాదు, కులం.

రుక్మిణీదేవి రాజ్యసభ సభ్యురాలిగా మూగజీవాల కోసం పోరాడింది. 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం వెనక ఆమె కృషి ఉంది. తర్వాత వచ్చిన జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే. ఆ దయను నేను ఎగతాళి చెయ్యను. కానీ ఆమె సంస్థలో రోజూ మోగే మృదంగం మీద ఉన్నది ఒక జంతువు చర్మం, దాన్ని మోగేలా చేసినవి ఒక మనిషి చేతులు. జంతువు గురించి పార్లమెంటులో మాట వచ్చింది. ఆ చేతుల గురించి ఏ మండలిలో మాట వచ్చింది?

రుక్మిణీదేవి 1986లో చనిపోయింది. 1993లో కేంద్ర ప్రభుత్వం కళాక్షేత్ర ఫౌండేషన్ చట్టం తెచ్చి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అంటే ఇక అది కొందరు మిత్రుల సంస్థ కాదు, ప్రజల డబ్బుతో నడిచే సంస్థ. పాలకమండలి అధ్యక్షుణ్నీ, సభ్యుల్లో ఎక్కువమందినీ కేంద్రమే నియమిస్తుంది. తర్వాతి కాలంలో అధ్యక్షులైనవాళ్లలో మాజీ గవర్నరు గోపాలకృష్ణ గాంధీ, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనరు ఎన్. గోపాలస్వామి, టాటా కన్సల్టెన్సీని నడిపిన ఎస్. రామదొరై ఉన్నారు. 1928లో వకీళ్లు, డాక్టర్లు కూర్చున్న చోటికి రాజ్‌భవన్ నుంచి, ఐఏఎస్ నుంచి, కంపెనీల నుంచి మనుషులొచ్చారు.

ఒక్కొక్క సభ్యుడి కులం వెతకడం నా పని కాదు. నియామకానికి చట్టం చూసే అర్హతల్ని చూద్దాం. సంస్థకు సేవ చేసినవాళ్లు, పేరున్న కళాకారులు, కళాపోషకులు, కళల గురించి తెలిసినవాళ్లు. వినడానికి ఇందులో ఏ కులం పేరూ లేదు. కానీ పోషకుడు కావాలంటే డబ్బుండాలి. పేరున్న కళాకారుడు కావాలంటే సభలు పేరివ్వాలి. కళ తెలిసినవాడని ఒప్పుకోవాలంటే అప్పటికే అక్కడున్నవాళ్లు ఒప్పుకోవాలి. ఇక సేవ. మృదంగం కట్టినవాడు తరతరాలు చేసిందీ సేవే కదా? కాదట. దాని పేరు కూలి. పేదవాడి పనికి కూలి అనీ, ఉన్నవాడి పనికి సేవ అనీ పేరు పెట్టడంలోనే పాలకమండలి సగం తయారైపోతుంది.

దీని ఫలితం 2020లో అందరూ చూశారు. గాయకుడు టి.ఎం. కృష్ణ మృదంగం కట్టే కుటుంబాల చరిత్రను ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకంగా రాశాడు. ఆవిష్కరణకు కళాక్షేత్ర ముందు తన హాలు ఇస్తానంది. పుస్తకంలోని ఒక భాగం పత్రికలో అచ్చయ్యాక మాట వెనక్కి తీసుకుంది. తమది ప్రభుత్వ సంస్థ కాబట్టి సామరస్యాన్ని చెడగొట్టే కార్యక్రమానికి చోటివ్వలేమన్నది కారణం. ఫిబ్రవరి 2న ఆవిష్కరణ ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో జరిగింది. తోలు కట్టినవాడి వస్తువు లోపల ఉండొచ్చు, అతని చరిత్ర లోపలికి రాకూడదు. సామరస్యం ఎవరి మధ్య? ఎవరి నోరు మూస్తే అది నిలబడుతుంది? ఆ పుస్తకం రాసినవాడు కూడా బ్రాహ్మణుడే. అలాంటివాడికే తలుపు మూసిన చోట, తోలు కట్టే ఇంటి బిడ్డ తన చరిత్ర తానే రాసుకొస్తే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇది ఒక ఉత్తరం మీద సంతకం పెట్టిన ఒక అధికారి తప్పని సరిపెట్టుకుంటే మనం మోసపోయినట్టే. పై నుంచి నియమించబడిన మండలి పైకే జవాబు చెబుతుంది, కిందికి చెప్పదు. 2023లో విద్యార్థులు లైంగిక వేధింపుల మీద రోడ్డెక్కాల్సి వచ్చింది. లోపల తమ మాట వినే చోటు లేకనే కదా బయట కూర్చుంటారు.

కాబట్టి మన అడగడం మారాలి. ఒక పండక్కి డప్పు బృందాన్ని పిలిచి శాలువా కప్పితే చాలదు. వేదిక మీద అరగంట వేరు, బోర్డులో ఓటు వేరు. వాద్యాలు కట్టేవాళ్లకు పాలకమండలిలో చోటు కావాలి. కచేరీలో వాయించినవాడి పేరు పక్కన కట్టినవాడి పేరు చదవాలి. కలంకారీ, నేత చేతిపనుల కేంద్రంలో విద్యలైనప్పుడు తోలు పని ఎందుకు విద్య కాదో చెప్పాలి.

విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయులకు ఒక పని చెబుతాను. మీ ఊళ్లోనో జిల్లాలోనో ఉన్న కళాసంస్థను తీసుకోండి. ట్రస్టు దస్తావేజు, వార్షిక నివేదికలు సంపాదించండి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంస్థయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. స్థాపించిన ఏడాది నుంచి ఇప్పటిదాకా సభ్యుల పేర్లు, వృత్తులు ఒక కాగితం మీద వరసగా రాయండి. పక్కన ఇంకో కాగితం మీద ఆ సంస్థకు వాద్యం కట్టినవాళ్లు, గజ్జె పోసినవాళ్లు, బట్ట నేసినవాళ్లు, హాలు ఊడ్చినవాళ్లు ఎవరో రాయండి. రెండో కాగితంలోని పేరు ఒక్కటైనా మొదటి దాంట్లో కనిపిస్తుందేమో చూడండి. కనిపించకపోతే ఆ రెండు కాగితాలూ కలిపి అచ్చేయించండి. ఆ సంస్థ చరిత్ర అక్కణ్నుంచి మొదలుపెడదాం.