వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

ఉద్యోగం చేసే ఆడవాళ్ళ గురించి మన ఇళ్ళల్లో తరచు వినిపించే మాట ‘వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు’. మెచ్చుకోలుగానే అంటారు. భర్త జీతం కాగిన నీళ్ళు, భార్య జీతం అందులో కలిపే చన్నీళ్ళు. కట్టెలు ఖర్చయ్యేది కాగే నీళ్ళకే కనుక విలువంతా వాటిదేనన్న భావం ఆ మెచ్చుకోలులో దాగి వుంటుంది.

స్నానం దగ్గర లెక్క వేరు. 80 డిగ్రీలకు కాగిన ఒక బిందె నీళ్ళు ఒళ్ళు ఓర్చుకునే 40 డిగ్రీలకు దిగాలంటే 20 డిగ్రీల చన్నీళ్ళు రెండు బిందెలు కావాలి. మూడు బిందెల్లో రెండు ఆ ‘తోడు’వే. అవి లేకపోతే కాగు నిండా మరిగే నీళ్ళున్నా చెంబెడు ఒంటిమీద పోసుకోలేం. ఆ నీళ్ళు మోసేదీ, పొయ్యి రాజేసేదీ, చెయ్యి పెట్టి చూసి పాళ్ళు కుదిర్చేదీ చాలా ఇళ్ళల్లో ఒక్క మనిషే.

సామెతేలే అని వదిలేయడానికి లేదు. ఇదే లెక్క ప్రభుత్వ విధానంలోకీ ఎక్కింది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు అవసరాల ప్రాతిపదికన కనీస వేతనానికి కొలత పెట్టింది. సంపాదించేది ఒక్కరు, కుటుంబం మూడు వినియోగ యూనిట్లు. మగవాడికి 1, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు చెరి 0.6 అని ఆ మూడింటిని పంచి చూపడం ఆనవాయితీ. స్త్రీల, పిల్లల సంపాదనను లెక్కలోకి తీసుకోకూడదని కూడా సదస్సు తీర్మానించింది.

ఇందులో కార్మికుడి పక్షాన ఒక న్యాయం వుంది. భార్య కూలిని చూపించి భర్త వేతనం కోసే వీలు యజమానికి వుండకూడదు. కానీ ఆ లెక్కలో స్త్రీ తినే మనిషిగా తప్ప సంపాదించే మనిషిగా కనబడదు. ఒంటిచేత్తో ఇల్లు నడుపుకొచ్చే స్త్రీకి అందులో చోటే లేదు. ఆమె కూలి ఎవరి వేణ్ణీళ్ళకు తోడు?

1976లో సమాన వేతన చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ కోడ్ కింద 2020లో వెలువడిన కేంద్ర ముసాయిదా నియమాల్లో ‘భార్య’ పోయి ‘జీవిత భాగస్వామి’ వచ్చింది. మూడు యూనిట్లు మాత్రం అలాగే వున్నాయి.

సమాన వేతనం అడగాలంటే అదే పని చేసే మగవాడు పక్కన వుండాలి. అందరూ ఆడవాళ్ళే వున్నచోట ఎవరితో పోల్చుకోవాలి? 1975లో మొదలైన ఐసిడిఎస్, అంగన్‌వాడీ కార్యకర్తకిచ్చే డబ్బుని వేతనం అనలేదు. ‘గౌరవ వేతనం’ అంది. చన్నీళ్ళకు అది మర్యాదగా పెట్టిన మరో పేరు.